దగ్గు మీట

ఎర్రదీపం ఇంకా వెలగలేదు. వెలిగేలోగా మరొక్కసారి వెళ్లి రావచ్చునేమో, కానీ ఇప్పటికే రెండుసార్లు వెళ్లి వచ్చాను, మళ్లీ లేచానంటే గాజు పలక అవతల కూర్చున్న బట్టతల ఇంజనీరు తలెత్తి చూస్తాడు, చూసి ఏమీ అనడు, ఆ అనకపోవడమే నాకు పడదు. కాబట్టి కూర్చున్నాను. వీపు కుర్చీకి ఆనించకుండా, రెండు పాదాలూ నేలమీద సమంగా మోపి, మైకుకు జానెడు దూరంలో, ఉద్యోగమంతా ఎలా కూర్చున్నానో అలాగే. బల్ల మీద అదే ఆకుపచ్చ ఉన్నిగుడ్డ. కాదు, అది ఎప్పుడో చిరిగిపోయి ఉంటుంది, ఇది కొత్తది, అంచులింకా గరుకుగా ఉన్నాయి. మీట మాత్రం పాతదే. కుడిచేతి వైపు, బల్ల అంచున, నల్లగా, అరిగి నున్నబడి. దీన్ని మేము దగ్గు మీట అనేవాళ్లం. నొక్కి పట్టుకున్నంతసేపు చదివేవాడి ముందున్న మైకుకు ఏమీ వినపడదు. వార్తలు చదివే మనిషి ఆ సందులో దగ్గుకోవచ్చు, గొంతు సవరించుకోవచ్చు, వదిలితే మళ్లీ లోకమంతా వింటుంది. ఎందరి వేళ్లో పడి నునుపెక్కిన ఆ మీట మీద నా వేలు ఒక్కనాడూ పడలేదు. ఇది గొప్పకు చెబుతున్న మాట కాదు, ఈ రేడియో కేంద్రంలో పాతవారందరికీ తెలిసిన సంగతి. వెనకాల నన్ను గడియారం అని పిలిచేవారన్నది కూడా నాకు తెలుసు, తెలిసినట్టు ఏనాడూ కనబరచలేదు. ఇప్పుడు కేంద్రానికి ఏదో వార్షికోత్సవమట, వారం పాటు రోజుకొక పాత గొంతు చేత మధ్యాహ్నం వార్తలు చదివిస్తున్నారు, ఈ రోజు నా వంతు. పావుగంట. కుర్చీలోంచి లేవకుండా పావుగంట. ఈ వయసులో నేను కోరుకున్నది ఇంతే, ఇది కూడా అత్యాశ అయిపోయిందని ఒప్పుకోవడానికి నాకు మనస్కరించదు.

టై ముడి సరిచూసుకున్నాను. రేడియోలో టై ఎవరికి కనిపిస్తుందండీ అని పెళ్లయిన కొత్తలో మా ఆవిడ అడిగింది. నాకు కనిపిస్తుంది అన్నాను. ఆ జవాబును ఆమె ఇన్నేళ్లూ ఎక్కడ దాచుకుందో, ఈ ఉదయం ఇస్త్రీ చొక్కా, బూడిదరంగు ప్యాంటు, టై వరుసగా మంచం మీద పరిచి, వాటి పక్కన తెల్లగా మడిచిన ఆ మెత్తను కూడా పెట్టింది, అది కూడా నా దుస్తుల్లో భాగమైనట్టు. "అది పెట్టుకుంటే ఎవరికి తెలుస్తుందండీ" అన్నది. నాకు తెలుస్తుంది అన్నాను. "తెలిస్తే తెలిసింది. పుట్టినప్పుడు కట్టుకోలేదా ఏమిటి? అప్పుడు టై కూడా లేదు." ఆమె నవ్వించడానికే అన్నది, నేను నవ్వలేదు, నవ్వితే ఏమవుతుందో నాకూ తెలుసు, ఆమెకూ తెలుసు. మీరూ, మీ తెలియడమూ అంటూ దాన్ని తీసి బీరువాలో పడేసింది. నా ఏర్పాటు నేను చేసుకున్నాను. నిద్రలేచింది మొదలు చుక్క నీరు ముట్టలేదు, కాఫీ సరేసరి. లోపల ఏమీ లేకపోతే బయటికి వచ్చేదేముంది అన్నది నా తర్కం. నీళ్లు తగ్గించకండి, తగ్గిస్తే చిక్కబడి లోపలి పొరను ఇంకా మండిస్తుంది, ఇంకా తొందరపెడుతుంది అని డాక్టరమ్మ చెప్పనే చెప్పింది, కానీ ఆమె చెప్పినది మామూలు మనుషుల కోసం, పని ముందు శరీరాన్ని అదుపులో పెట్టుకోవడం తెలియని వారి కోసం అని నాకు నేనే మినహాయింపు ఇచ్చుకున్నాను. నాలుక అంగిలికి అంటుకుపోతున్నది. వార్తలు చదివేవాడికి ఎండిన నాలుక ఎంత చేటో కొత్తవాళ్లకు పాఠాలు చెప్పినవాడిని నేను. పొత్తికడుపు కింద సన్నని సెగ, ఎవరో అగ్గిపుల్ల ఆర్పి అక్కడే వదిలేసినట్టు.

నీళ్లే ఆ క్యాన్సరు ఆసుపత్రి రోజుల్లో వైద్యంలో సగం. ప్రోస్టేటు మీద కిరణాలు పడేటప్పుడు మూత్రాశయం నిండుగా ఉండాలట, నిండి ఉంటే పేగులను పైకి నెట్టి, తానూ కొంత దారిలోంచి తప్పుకుంటుందట. అందుచేత ప్రతి ఉదయం ఆ నేలమాళిగ వరండాలో, ఇనుప కుర్చీల వరుసలో, తలలు నెరసిన మగవాళ్లం చేతికొక సీసా పట్టుకుని, చెప్పినన్ని నీళ్లు తాగి, పిలుపు వచ్చేదాకా బిగబట్టుకుని కూర్చునేవాళ్లం. ఒక విశ్రాంత బ్యాంకు మేనేజరు, ఒక దర్జీ, లారీలు నడిపి మానేసిన ఒక పెద్దాయన, నేను. ఆ లారీ ఆయన్ను అందరూ ట్యాంకరు అనేవారు, ఆ పేరు తనకు తానే పెట్టుకున్నాడు. "నిండిందా సార్?" అని నన్నే అడిగేవాడు ముందు. నేను తలపంకించేవాడిని. "మా బండికి ముల్లు ఉండేది సార్, ఎంత ఉందో చూపించేది. దీనికి అదొక్కటే తక్కువ." ఒకరోజు యంత్రం మొరాయించింది. కాస్త ఆలస్యమవుతుంది, దయచేసి ఎవరూ బాత్‌రూంకి వెళ్లకండి అని లోపలినుంచి అమ్మాయి వచ్చి చెప్పి వెళ్లింది. మోకాళ్లు దగ్గరగా చేర్చుకుని గోడకేసి చూస్తున్న అంతమంది పెద్దమనుషులను చూసి ట్యాంకరు అన్నాడు, "ఇప్పుడు గనక ఎవడైనా తుమ్మాడంటే ఊరు ఖాళీ చెయ్యాలి." దర్జీ నవ్వాడు, మేనేజరు నవ్వాడు, నేనూ నవ్వాను, ఆ నవ్వులోనే మొదటిసారి నాకు తెలియకుండా రెండు చుక్కలు. ఎవరూ చూడలేదు. చూసి ఉంటే ట్యాంకరే చూసి ఉండాలి, ఎందుకంటే ఆ తరువాత పక్కకు వంగి, నవ్వు లేని గొంతుతో, "చెప్పేయాలి సార్. మనం చెప్పకపోతే అదే చెప్పేస్తుంది" అన్నాడు. ఏమి చెప్పాలండీ అన్నాను, నాకేమీ అర్థం కానట్టు.

తలుపు తెరుచుకుంది. రెండు తలుపుల మధ్య గాలి నిట్టూర్చినట్టు చప్పుడు, అది మారలేదు. నా శిష్యురాలు, ఇప్పుడు వార్తా విభాగానికి పెద్ద, బులెటిన్ రెండు ప్రతులు, ఒక గ్లాసు నీళ్లు పట్టుకుని వచ్చి, ఒక ప్రతి నా ముందు పెట్టి, రెండోది తీసుకుని ఎదురు కుర్చీలో, ఎదురు మైకు వెనక కూర్చున్నది.

"ఏమిటమ్మా, నాకు తోడా?"

"రూలు సార్. మీరు పెట్టిందే. లైవ్ బులెటిన్‌కి ఎదురుగా ఇంకొకరు ఉండాలి."

"అది కొత్తవాళ్ల కోసం పెట్టాను."

"మైకు ముందు కూర్చుని ఇన్నేళ్లయింది, ఈ పూటకి మీరే కొత్త. నీళ్లు తాగుతారా సార్?"

వద్దు అన్నాను, అవసరమైన దానికంటే త్వరగా, ఆమె గ్లాసును తన వైపే ఉంచుకుని కాగితాలు సర్దుకుంది. అవును, నేను పెట్టిన రూలే. చదివేవాడి గొంతు బొత్తిగా సహకరించకపోతే ఎడమచేతిని కాగితం మీద బోర్లా పరచాలి. ఎదుటివారు తరువాతి వాక్యం నుంచి అందుకోవాలి. వినేవారికి గొంతు మారినట్టు తెలియాలి తప్ప వార్త ఆగినట్టు తెలియకూడదు. తప్పు వార్త వెళితే సవరణ అదే గొంతుతో, వీలైతే అదే బులెటిన్‌లో వెళ్లాలి, వంకలు చెప్పకూడదు, అది కూడా నా రూలే. నేను పెట్టిన రూళ్లన్నీ ఇతరుల గొంతుల కోసం, ఇతరుల తప్పుల కోసం. ఆమె నన్ను చూసి చిన్నగా నవ్వింది, కణతల దగ్గర నెరుపు, ఈ అమ్మాయికి నెరుపేమిటి అనుకున్నాను, అనుకుంటుండగానే దీపం ఎర్రబడింది.

నమస్కారం. వార్తలు. ముందుగా ముఖ్యాంశాలు. నా గొంతే. లోపల భయపడినంత ఎండిపోలేదు, మొదటి మాటకు కొంచెం గీసుకుంది, రెండో మాటకు తన దారిలో పడింది. విద్యుత్ చార్జీల సవరణ ప్రతిపాదనను మంత్రివర్గం వాయిదా వేసింది. పాత వంతెనపై భారీ వాహనాల రాకపోకలను నేటి నుంచి నిలిపివేశారు. నోరు చదువుతూ ఉంటుంది, కన్ను ఒక వాక్యం ముందు పరుగెత్తుతూ ఉంటుంది, మనసు మాత్రం తన ఇష్టం వచ్చిన చోటికి పోతూ ఉంటుంది, మా వృత్తిలో ఇది బయటివారికి తెలియని సుఖం; మా అమ్మ పోయిన మర్నాడు కూడా వరదల వార్త తడబడకుండా చదివాను, మనసు మాత్రం ఆమె పెట్టెలోని దుప్పట్లు లెక్కపెడుతూ ఉన్నది. ఎక్కడెక్కడి దేశాధ్యక్షుల పేర్లు, నోరు తిరగని వ్యాధుల పేర్లు, అన్నీ ఒత్తులతో సహా పలికిన నోరు డాక్టరమ్మ ముందు మాత్రం ‘ఆ ఇబ్బంది’ అని ఊరుకున్నది. "ఏ ఇబ్బంది సార్? ఆగి ఆగి వస్తోందా, ఆపుకోలేకపోతున్నారా, మంటా?" ఆమెకు నా మనవరాలి వయసు ఉంటుంది, కలం చేతిలో తిప్పుకుంటూ కూరగాయల ధర అడిగినంత మామూలుగా అడిగింది. ఆల్ త్రీ అన్నాను. ఇంగ్లీషులో చెబితే అది నా ఒంటి సంగతి కాదు, ఎవరిదో కేసు. కొందరికి కొన్ని నెలల్లో తగ్గుతుంది, కొందరికి కొంత మిగిలిపోతుంది, చూద్దాం అన్నది. చూద్దాం. రక్తపరీక్ష బాగుంది, జబ్బు లొంగింది, ప్రాణం నిలబడింది, అదే పదివేలు అని చూడవచ్చిన వారందరూ అన్నారు, నేనూ అన్నాను, అన్న తరువాత ఇక మిగిలినదాని గురించి నోరెత్తే అర్హత పోయింది. ప్రాణం దక్కినవాడు ప్యాంటు గురించి మాట్లాడకూడదు.

కానీ నా రోజులు ప్యాంటు చుట్టూనే తిరుగుతున్నాయి. వాహ్యాళికి ఏ వీధిన వెళ్లాలన్నది ఆ వీధిలో పెట్రోలు బంకు ఉన్నదా లేదా అన్నదాన్ని బట్టి. గ్రంథాలయంలో పత్రికల గది మానేశాను, అక్కడ మరుగుదొడ్డి తాళంచెవి గుమాస్తాను అడగాలి. మొన్న బంధువులంతా కలిసినప్పుడు, భోజనాల మధ్యలో పలుమార్లు లేచానని కనిపెట్టి మా బావమరిది, "ఏం బావా, మాటిమాటికీ చాటుకెళ్తున్నావ్, ఫోనులో ఎవరు? అక్కకి చెప్పమంటావా?" అన్నాడు. అందరూ గొల్లుమన్నారు. నేను ఖండించలేదు. మీసం చాటున చిన్న నవ్వు కూడా నవ్వాననుకుంటాను. ఈ వయసులో పరాయి స్త్రీ అన్న అనుమానం నాకు ఎంత గౌరవంగా తోచిందో ఎవరికి చెప్పను. మా ఆవిడ మాత్రం పళ్లెంలోంచి తలెత్తకుండా, "చెప్పు తమ్ముడూ, ఆవిడెవరో వచ్చి ఈయన బట్టలు ఉతుక్కుంటుందేమో అడుగుదాం" అన్నది. ధాన్యం సేకరణ కేంద్రాలను మరో పక్షం రోజులు కొనసాగించాలని అధికారులు నిర్ణయించారు. మొదటి పుట అయిపోయింది. పుట తిప్పకూడదు, చప్పుడు మైకులో పడుతుంది, రెండు వేళ్లతో ఎత్తి పక్కన పెట్టాలి. పెట్టాను. రెండో పుట పైన మొదటి వాక్యం మీదికి కన్ను పరుగెత్తింది, పరుగెత్తి ఆగింది. నగర శివారులో ప్రధాన మంచినీటి గొట్టం పగిలి.

అప్పుడే వచ్చింది. వెనకటి రోజుల్లో శరీరం కబురు పంపేది, కాసేపాగి మళ్లీ పంపేది, తీరిక చూసుకుని వెళ్లేవాళ్లం. ఇది కబురు పంపదు. గుమ్మంలోకి వచ్చి నిలబడుతుంది. బిగించాను. ఆసుపత్రిలో వ్యాయామం నేర్పిన అమ్మాయి చెప్పినట్టు లోపలికి, పైకి, ఊపిరి వదలకుండా. కానీ ఊపిరి బిగిస్తే గొంతు బిగుస్తుంది, నగర శివారులో ప్రధాన మంచినీటి గొట్టం పగిలి పలు కాలనీలు జలమయమయ్యాయి అన్న వాక్యం చివర నా స్వరం సన్నబడటం నేనే విన్నాను. ఇంజనీరు తలెత్తాడు. వేగం పెంచవచ్చు. వేగం అనుకోగానే ఎదుట కూర్చున్న ఈ అమ్మాయే గుర్తొచ్చింది, ఏళ్ల కిందట, నిండు నెలలతో, ఇదే కుర్చీలో. ఒకనాడు బులెటిన్ కొంత ముందే ముగించి, నాకు నమస్కారమైనా చెప్పకుండా రెండు తలుపులూ తోసుకుని వెళ్లిపోయింది. తిరిగి వచ్చాక, వార్తలు పరుగుపందెం కాదమ్మా అన్నాను. "సారీ సార్" అన్నది. ఇన్నేళ్ల తరువాత, పొత్తికడుపు కింద నిప్పు పెట్టుకుని, ఆమె ఎందుకు పరుగెత్తిందో ఇప్పుడు తెలుస్తున్నది, తెలుస్తున్నదనడం కూడా తక్కువే, నా తొడలకు తెలుస్తున్నది. చెమట కాలరులోకి దిగింది. ఇంకా ఒక పుట, వాతావరణం, ఆటలు, మళ్లీ ముఖ్యాంశాలు. లేవకుండా పావుగంట. నాకు తెలుస్తుంది అన్నానే, ఎవరికి తెలిసినా తెలియకపోయినా నాకు తెలుస్తుంది అని. తెలుస్తున్నది. మొదటి వెచ్చని బొట్టు తెలుస్తున్నది.

నా ఎడమచేయి కాగితం మీద బోర్లా పడింది. నేను పరిచానని చెప్పలేను. కుడిచేతి వేలు ఆ నున్నని మీటను వెతికి పట్టుకుని నొక్కింది, మీట నేననుకున్నంత గట్టిగా లేదు, ఎంతో మందికి అలవాటు పడినదానిలా సులువుగా దిగింది. "అమ్మా, నేను లేవాలి" అన్నాను. ఆమె కళ్లు నా చేతి మీద ఉన్నాయి, నా మాట పూర్తికాక ముందే ఊపిరి తీసుకున్నది, "మరమ్మతు పనులు సాయంత్రానికి పూర్తవుతాయని జలమండలి అధికారులు తెలిపారు" అని అందుకున్నది, నేను ఎక్కడ వదిలానో అక్కడే, అదే స్థాయిలో. ఇంజనీరు నా మైకు తగ్గించి వేళ్లతో సైగ చేశాడు. కుర్చీని చప్పుడు కాకుండా వెనక్కి జరపడం, మొదటి తలుపు, ఆ నిట్టూర్పు, రెండో తలుపు. టై కట్టుకున్న మనిషి నడవాలో పరుగెత్తకూడదు. పరుగెత్తాను. ఈ కేంద్రంలో ప్రతి మూలా ఒక స్పీకరు ఉంటుంది, ప్రసారం ఎవరి చెవినీ తప్పించుకోకూడదని. ఆమె గొంతు తల మీదుగా నాతో పాటే పరుగెత్తింది, పాత వంతెన, ప్రత్యామ్నాయ మార్గం, వాహనదారులు సహకరించాలి. మరుగుదొడ్డి తలుపు గొళ్ళెం మీద చేయి పడేసరికి అంతా అయిపోయింది. వెచ్చగా, తరువాత వెంటనే చల్లగా, మోకాళ్ల దాకా. లోపలికి వెళ్లి నిలబడ్డాను, నిలబడవలసిన చోట, నిలబడవలసిన విధంగా. ఏమీ రాలేదు. గోడమీది పింగాణీ పలకల మధ్య గీతలను చూస్తూ వేచి ఉన్నాను. చాలాసేపటికి కొన్ని చుక్కలు, గాజుపొడి కలిపినట్టు మండుతూ. అద్దం పైన కూడా స్పీకరు. ఆమె ళ అక్షరాన్ని చక్కగా పలుకుతున్నది, నేను నేర్పినదే. అద్దంలో నా టై ముడి చెక్కుచెదరలేదు. దాని కింద బూడిదరంగు ప్యాంటు నల్లగా. ఇంటికి పోవచ్చు, వెనక మెట్ల మీదుగా, ఎవరి కంటా పడకుండా. పోతే ఏమవుతుంది. బులెటిన్ మొదలుపెట్టిన గొంతే దాన్ని ముగించాలి, అది మాత్రం నా రూలు కాదు, నాకంటే ముందువారిది, దాన్ని నేను ఒక్కసారి కూడా తప్పలేదు. దగ్గు మీట నొక్కను అన్నది పోయింది. లేవను అన్నది పోయింది. ఇదొక్కటి ఉన్నది.

వాతావరణం చదువుతుండగా లోపలికి వెళ్లాను. ఆమె కన్నెత్తింది, కన్ను కిందికి దిగింది, మళ్లీ కాగితం మీదికి వెళ్లింది, కోస్తా ప్రాంతంలో తేలికపాటి జల్లులు, ఒక్క అక్షరమూ చెదరలేదు. నా ప్రతిలోంచి చివరి పుటను తీసి నా వైపు జరిపింది, తరువాత గ్లాసును కూడా. ఈసారి తాగాను. కుర్చీకి మెత్తటి గుడ్డ పరుపు ఉన్నది, దాని మీద రేపు మరొకరు కూర్చుంటారు, అందుచేత కూర్చోలేదు, రెండు చేతులూ బల్ల మీద ఆనించి మైకు మీదికి వంగాను. ఇంజనీరు నా మైకు పెంచాడు. ముఖ్యాంశాలు మరోసారి. నీళ్లు తగిలిన గొంతు తేలికగా పలికింది. విద్యుత్ చార్జీలు, వంతెన, ధాన్యం, మంచినీటి గొట్టం. వార్తలు ముగిశాయి. దీపం ఆరింది.

అవతలినుంచి స్పీకరులో ఇంజనీరు గొంతు. "చాలా బాగా వచ్చింది సార్. మధ్యలో దగ్గొచ్చిందా?"

"గొంతు పట్టేసింది సార్‌కి" అన్నది ఆమె, నన్ను చూడకుండా, కాగితాలు దొంతరగా తడుతూ. లేచి వచ్చి, నాకు అడ్డంగా, గాజు పలకకూ నాకూ మధ్య నిలబడింది. నా జేబులో ఫోను చప్పుడు లేకుండా అదిరింది. జేబు కూడా తడిగానే ఉన్నది. మా ఆవిడ.

"ఏమండీ, సగంలో గొంతు మారింది."

"మారింది."

"పక్కింటావిడ కూడా ఇక్కడే కూర్చుని వింటోంది. ఏమైందని అడిగింది. దగ్గొచ్చి ఉంటుందిలెండి అన్నాను."

ఎంత చక్కని అబద్ధాలు. ఒకటి ఇక్కడ, ఒకటి అక్కడ, ముందే అనుకున్నట్టు ఒకే అబద్ధం. నేను ఏమీ అనకపోతే చాలు, రేపటికి నాకు దగ్గే వచ్చి ఉంటుంది, దగ్గు మీట నొక్కని మనిషి ఒకే ఒక్కసారి దగ్గాడని పాతవాళ్లు నవ్వుకుంటారు, అంతటితో సరి. ఎవరికీ తెలియదు. తడి ప్యాంటు తొడలకు అంటుకుని చల్లబడుతున్నది. ఆ ఇనుప కుర్చీలోంచి ట్యాంకరు మళ్లీ పక్కకు వంగి, చెప్పేయాలి సార్ అంటున్నాడు.

"దగ్గు కాదు" అన్నాను. అది నా వార్తల గొంతే, వేరే గొంతు ఆ క్షణాన దొరకలేదు. "రేడియేషన్ తరువాత నాకు మూత్రం ఆగడం లేదు. వార్తల మధ్యలో లేచి వెళ్లాను. వెళ్లేలోపే బట్టలు తడిశాయి."

ఇంజనీరు చేయి ఏదో బొత్తాం దగ్గర ఆగిపోయింది. శిష్యురాలు అడ్డం తొలగింది. ఫోనులో మా ఆవిడ వంటింటి కుళాయి కట్టేసిన చప్పుడు.

"ఇదంతా పక్కింటావిడకి చెప్పమంటారా?" అన్నది.

"చెప్పు. సవరణ అని చెప్పు."

"సవరణ." నవ్వుతూ అన్నదో మరొకలాగో తేల్చుకోలేకపోయాను. "సరే. మీరక్కడే ఉండండి, ఇంకో ప్యాంటు పట్టుకుని వస్తున్నాను. బీరువాలోంచి అదీ తెస్తాను."

"తీసుకురా" అన్నాను.

శిష్యురాలు గ్లాసు మళ్లీ నింపి పెట్టింది. నిలబడే తాగాను, అంతా తాగాను. ఇక మళ్లీ వెళ్లవలసి వస్తుంది, ఎంతసేపట్లోనో తెలియదు.